పేర్లున్నాయి, లోపల సున్నాలు

"ఇంటి నంబర్ వద్దు సార్, పక్కన ఏముందో చెప్పండి." నాచారంలో కొరియర్ అబ్బాయి ఫోన్ చేస్తే మొదటి మాట ఇదే. గుడి చెప్తాం, మెడికల్ షాపు చెప్తాం, మెట్రో వచ్చాక ఉప్పల్ వైపు వాళ్లయితే పిల్లర్ నంబర్ చెప్తారు. ఇంటి నంబర్ మాత్రం కరెంటు బిల్లు మీదే ఉండిపోతుంది.

అలాగని హైదరాబాద్ ఇంటి నంబర్‌కి పద్ధతి లేదని కాదు. ముందు వార్డు, తర్వాత బ్లాకు, ఆ తర్వాత ఇల్లు, మధ్యలో అడ్డగీతలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రెండిళ్ల మధ్య ఖాళీ జాగాలో మూడోది లేచినప్పుడు మొదలవుతుంది గొడవ. దానికి బై ఒకటి. దాని పెరట్లో ఇంకోటి కడితే బై ఒకటి బై ఏ. పైగా ఉప్పల్ కలాన్ ఒకప్పుడు విడి మున్సిపాలిటీ. పక్క మున్సిపాలిటీలు కూడా ఎవరి లెక్క వాళ్లు ఒకటి నుంచే మొదలుపెట్టుకున్నాయి. 2007 ఏప్రిల్‌లో అందరినీ కలిపి జీహెచ్ఎంసీ అన్నారు. ఉప్పల్‌ది ఒక సర్కిల్ అయింది, నాచారం వెళ్లి కాప్రా సర్కిల్‌లో పడింది. ఊళ్లు కలిశాయి గానీ నంబర్లు కలవలేదు.

సరిగ్గా ఇదే తగువు కంప్యూటర్ లోపల యాభై ఏళ్లకు పైగా నడుస్తోంది. నాకది పుస్తకంలో తెలియలేదు. 2008 ఆగస్టులో, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక చిన్న యూనిట్‌లో, నా చేతుల మీదుగా జరిగిన నష్టంతో తెలిసింది. యూనిట్ పేరు రాయను. వాళ్ల తప్పేం లేదు.

అక్కడ మెషీన్ విడిభాగాలు చేసేవాళ్లు. డ్రాయింగులన్నీ ఒక లినక్స్ సర్వర్‌లో ఉండేవి. దాని డిస్క్ పాతబడింది, 80 జీబీది. కొత్తది 250 జీబీ తెచ్చారు. పాతదాన్ని కొత్తదాంట్లోకి అక్షరం పొల్లుపోకుండా దించడం నా పని. డీడీ అని ఒక కమాండ్ ఉంది. ఎక్కడినుంచి, ఎక్కడికి అని రెండు పేర్లిస్తే చాలు, ఏమీ అడక్కుండా దించేస్తుంది. ఏమీ అడగదు అన్నదే అందులో విషయం. లైవ్ సీడీతో సిస్టమ్ ఎక్కించాను. పాతది /డెవ్/ఎస్‌డీఏ, కొత్తది /డెవ్/ఎస్‌డీబీ. రెండుసార్లు సైజులు చూసి మరీ ఖాయం చేసుకున్నాను. కమాండ్ కాగితం మీద రాసి, కొట్టి, టీకి వెళ్లాను. మూడో వంతు అయ్యిందో లేదో కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక సిస్టమ్ ఎక్కించి, కాగితం చూసి అదే కమాండ్ కొట్టాను. ఈసారి సైజులు చూడలేదు. ఎందుకు చూస్తాను, పది నిమిషాల క్రితమేగా చూశాను?

ఈ రెండోసారి కొత్త డిస్క్ ముందు లేచింది. ఎస్‌డీఏ అయింది. పాతది ఎస్‌డీబీ అయింది. ఖాళీ డిస్క్ వెళ్లి నిండు డిస్క్ మీద కూర్చుంది.

మొదటి మూడో వంతు బతికింది, ఎందుకంటే అది అప్పటికే అటు దిగి ఉంది, మళ్లీ ఇటు వచ్చింది. మిగతాదంతా సున్నాలు. విచిత్రమేంటంటే చాలా ఫోల్డర్లు ఆ బతికిన భాగంలో ఉన్నాయి. తెల్లారి చూస్తే ఫైళ్ల పేర్లన్నీ వరసగా కనపడుతున్నాయి. డ్రాఫ్ట్స్‌మన్ పెద్దాయన ఒకటి నొక్కాడు. తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కాడు.

"ఫైలుంది కదయ్యా, తెరుచుకోదేం?"

"పేరుంది సార్. లోపల ఏం లేదు."

డీవీడీల మీద పాత కాపీలున్నాయి గానీ ఆఖరి ఎనిమిది నెలలవి లేవు. ఆయన ఆ దసరాకి మానేద్దామనుకున్నాడు, కళ్లు సహకరించట్లేదని. ఏమీ అనలేదు. తన రెండు రిజిస్టర్లు తీసి బల్లమీద పెట్టుకుని, కొలతలు చూసుకుంటూ మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. సంక్రాంతి దాకా గీశాడు.

ఇంతకీ ఎస్‌డీఏ అనేది ఎవరి పేరు? ఈ ప్రశ్న వెంటపడితే 1969కి వెళ్లాలి. ఆ ఏడాది అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 అనే యంత్రం మీద యూనిక్స్ మొదలుపెట్టాడు, డెనిస్ రిచీ తోడయ్యాడు. మన లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నీ ఆ వంశమో ఆ పోలికో. సరిగ్గా అదే ఏడాది ట్రాంబే పేరు మోస్తూ టీడీసీ-12 అనే మన కంప్యూటర్ వచ్చింది. దాన్ని చేసి అమ్మిన ఈసీఐఎల్ 1967లో పుట్టింది, నాచారం నుంచి మల్లాపూర్ దాటి పోతే వస్తుంది. ఈ రెంటికీ ఏడాది ఒక్కటే తప్ప వేరే చుట్టరికం లేదు. కానీ మా వైపు కంప్యూటర్ అంటే అమీర్‌పేట కోచింగులతో, మాదాపూర్ అద్దాల మేడలతో వచ్చిందనుకునే వాళ్లకి అప్పుడప్పుడు ఇది గుర్తుచేయాల్సి వస్తుంది.

యూనిక్స్‌లో ఒక సాహసం ఉంది. డిస్క్, టేపు, టైప్ కొట్టే టెర్మినల్, ఏదైనా సరే అన్నిటినీ ఫైళ్లలాగా చూపించడం. అన్నీ /డెవ్ అనే ఒక్క ఫోల్డర్‌లో ఉంటాయి. 1971 నవంబర్ నాటి మొదటి మాన్యువల్‌లోనే వీటికి ఒక అధ్యాయం ఉంది. ఆర్‌కే0 అంటే ఆర్‌కే రకం డిస్క్ డ్రైవ్, పీపీటీ అంటే కాగితపు టేపు, ట్యాప్0 అంటే మాగ్నెటిక్ టేపు, టీటీవై అంటే టెలిటైప్. రిచీ, థాంప్సన్ 1974లో రాసిన వ్యాసంలో ఇలా ఎందుకు చేశారో మూడు కారణాలు చెప్పారు: ఫైలుతో చేసే పనీ పరికరంతో చేసే పనీ ఒకేలా ఉంటాయి, ఫైలు పేరు అడిగే ప్రోగ్రామ్‌కి పరికరం పేరు కూడా ఇవ్వొచ్చు, ఫైలుకున్న తాళాలే పరికరానికీ సరిపోతాయి. రెండో కారణం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. నన్ను ముంచింది కూడా అదే. డీడీకి డ్రాయింగ్ ఫైలైనా ఒకటే, డిస్క్ మొత్తమైనా ఒకటే.

అయితే ఈ ఫైళ్ల లోపల ఏమీ ఉండదు. మామూలు ఫైలు వివరాలు చూస్తే సైజు కనపడే చోట, వీటికి రెండు అంకెలు కనపడతాయి. ఎస్‌డీఏకి 8, 0. ఎస్‌డీబీకి 8, 16. మొదటిదాన్ని మేజర్ అంటారు, ఏ డ్రైవర్ చూసుకోవాలో చెప్తుంది. రెండోది మైనర్, ఆ డ్రైవర్ కింద ఎన్నోదో చెప్తుంది. వార్డు, ఇల్లు అన్నమాట. వార్డు చెప్పకుండా ఇల్లు చెప్తే ఎక్కడికి పోతామో తెలీదు, మున్సిపాలిటీలు కలిపేశాక మనవాళ్లకి తెలిసొచ్చినట్టు. సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌కి కావల్సింది ఈ అంకెలే. పేరు మనకోసం. ఎంకేనాడ్ అనే కమాండ్‌తో 8, 0 ఇచ్చి /డెవ్/పచ్చడి అని ఒక ఫైలు చేసుకోండి, మొదటి డిస్క్ పచ్చడి పేరుతో కూడా పలుకుతుంది. కెర్నెల్ ఏమీ అనుకోదు.

ఈ అంకెలు ఎవరివి ఎవరికి అని లినక్స్ వాళ్లు ఒక పెద్ద పట్టిక పెట్టుకున్నారు. దాన్ని పీటర్ ఆన్విన్ చాలా ఏళ్లు చూసుకున్నాడు. తర్వాత దానికి లనానా అని ఓ ఆఫీసు పేరు కూడా పెట్టారు. మేజర్‌కి 256, మైనర్‌కి 256, అంతకుమించి జాగా లేదు. ఒక్కో ఎస్‌డీ డిస్క్ పదహారు మైనర్ నంబర్లు తినేస్తుంది, తనకొకటి, తన భాగాలకి పదిహేను. అంటే ఒక మేజర్ కింద పదహారు డిస్కులే. 2003 డిసెంబర్‌లో 2.6 కెర్నెల్ వచ్చి ఈ గదులు పెంచేదాకా బై నంబర్ల బతుకే.

ఇక అసలు తేడా దగ్గరికి వస్తాను. నేను లినక్స్ నేర్చుకున్న రోజుల్లో డిస్క్ పేరు హెచ్‌డీఏ. ఐడీఈ కేబుల్ మొదటి వరసలో మాస్టర్ అయితే హెచ్‌డీఏ, స్లేవ్ అయితే హెచ్‌డీబీ, రెండో వరస మాస్టర్ హెచ్‌డీసీ. (ఈ మాస్టర్, స్లేవ్ అన్న మాటలు అప్పట్లో ఎవరికీ గుచ్చుకోలేదు, అది వేరే వ్యాసం.) హెచ్‌డీఏ ఊడదీసినా హెచ్‌డీసీ హెచ్‌డీసీగానే ఉంటుంది. అది కూర్చున్న కుర్చీ పేరు. ఎస్‌డీ వరస అలా కాదు. స్కజీ డిస్కుల కోసం పుట్టిన ఆ పేర్లలో ఎవరు ముందు కనపడితే వాళ్లు ఏ, తర్వాత కనపడినవాళ్లు బీ. యూఎస్‌బీ డ్రైవ్‌లు వచ్చి ఈ వరసలోనే చేరాయి. తర్వాత సాటా డిస్కులూ చేరాయి. 2007 ప్రాంతాల్లో కొత్త డ్రైవర్లు వచ్చి పాత ఐడీఈ డిస్కులను కూడా ఈ క్యూలోకే తోశాయి. రాత్రికి రాత్రి హెచ్‌డీఏ కాస్తా ఎస్‌డీఏ అయింది. అక్షరం ఒక్కటే మారిందనుకున్నాం. మారింది అర్థం. కుర్చీ పేరు పోయి క్యూ నంబర్ వచ్చింది. నేను కాగితం మీద రాసుకున్నది క్యూ నంబర్. కరెంటు పోయి వచ్చేసరికి క్యూ మళ్లీ కట్టారు.

చోటునుబట్టి పేరు పెట్టడమంటే ఏమిటో తెలియాలంటే ఉప్పల్‌లోనే గొప్ప ఉదాహరణ ఉంది. అక్కడ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ సంస్థ ఉంది. ఆ ప్రహరీ పక్కనుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో, లోపల ఏం నేర్పుతారని ఎప్పుడూ అనుకోలేదు. సర్వే వాళ్ల పాత పటాల నంబర్లు ఇలా ఉంటాయి: దేశాన్ని నాలుగేసి డిగ్రీల గళ్లుగా కోసి ఒక్కోదానికి అంకె, దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున పదహారు చేసి అక్షరం, దాన్ని మళ్లీ పదహారు చేసి అంకె. ఉప్పల్, నాచారం రెండూ 56 కె/11 షీటులో వస్తాయి. జీహెచ్ఎంసీ వీటిని ఏ సర్కిల్‌లో వేసినా షీటు పట్టించుకోదు. అక్షాంశం, రేఖాంశం తెలిస్తే నంబర్ మీరే లెక్కగట్టొచ్చు, ఆఫీసుని అడగనక్కర్లేదు. 2005లో కొత్త మ్యాప్ విధానం వచ్చి ప్రజలకిచ్చే పటాలకు వేరే వరస పెట్టారు, మన వైపుది ఈ44 అని మొదలవుతుంది. అదే నేల, రెండు పేర్లు. పాత పేరు ఇప్పటికీ పరిశోధన వ్యాసాల్లో కనపడుతూనే ఉంటుంది.

సన్ కంపెనీ వాళ్ల సొలారిస్‌లో డిస్కుల పేర్లు ఈ షీటు నంబర్లలాగే ఉండేవి. సీ0టీ0డీ0ఎస్0 అంటే సున్నా కంట్రోలర్, సున్నా టార్గెట్, సున్నా డిస్క్, సున్నా ముక్క. పలకడానికి ప్రాణం పోతుంది గానీ చూడగానే ఎక్కడుందో తెలుస్తుంది. లినక్స్‌లో రిచర్డ్ గూచ్ అనే ఆయన ఇదే దారి పట్టాడు. 2000లో డెవ్‌ఎఫ్‌ఎస్ అని కెర్నెల్‌లోకి ఎక్కించాడు. అంతకుముందు /డెవ్‌లో వేలకొద్దీ ఫైళ్లు ముందే చేసి పడేసేవాళ్లు, ఎప్పటికైనా ఆ పరికరం తగిలిస్తారేమోనని. వెంచర్ వేసి రాళ్లు పాతినట్టు, ఇళ్లు లేకపోయినా ప్లాట్ నంబర్లు ఉన్నట్టు. డెవ్‌ఎఫ్‌ఎస్ వచ్చాక నిజంగా ఉన్న పరికరానికే ఫైలు. పేరు మాత్రం ఐడీఈ, హోస్ట్0, బస్0, టార్గెట్0, లన్0, పార్ట్1 అని బారెడు. జనం భరించలేక పాత పేర్లకే దారి చూపే షార్ట్‌కట్లు పెట్టుకున్నారు. కోడ్‌లో లోపాలున్నాయని కెర్నెల్ పెద్దలు గట్టిగా విమర్శించారు. 2006లో తీసేశారు.

ఆ తగువులో నాకు నచ్చిన మాట గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్‌ది. 2003లో ఒట్టావాలో జరిగిన లినక్స్ సభలో యూడెవ్ గురించి ఆయన సమర్పించిన పత్రం సారం ఇది: పేరు ఏం పెట్టాలన్నది కెర్నెల్ నిర్ణయించకూడదు. కెర్నెల్ తనకు తెలిసింది చెప్పాలి, ఫలానా అంకెలు, ఫలానా కంపెనీ, ఫలానా సీరియల్ నంబర్, ఫలానా చోట తగిలించారు అని. ఆ సమాచారం పట్టుకుని బయట ఒక మామూలు ప్రోగ్రామ్, యజమాని రాసుకున్న నియమాల ప్రకారం, పేరు పెట్టుకోవాలి. నంబర్ మున్సిపాలిటీది, ఇంటి పేరు ఇంటివాళ్లది.

దాంతో /డెవ్ లోపల డిస్క్ అని ఒక ఫోల్డర్ వచ్చింది. అందులో ఒకే డిస్క్‌కి చాలా దారులు. బై-పాత్‌లో చోటునుబట్టి పేరు. బై-ఐడీలో తయారీదారు, సీరియల్ నంబర్ కలిపిన పేరు. బై-యూయూఐడీలో, లోపల ఫైల్‌సిస్టమ్ పుట్టినప్పుడు దానికి పడిన పొడుగాటి సంఖ్య. బై-లేబుల్‌లో మనం పెట్టుకున్న ముద్దుపేరు. వీటిలో ఏది అసలు పేరు అంటే ఏదీ కాదు, అన్నీ కలిసి మళ్లీ ఆ క్యూ నంబర్ దగ్గరికే తీసుకెళ్తాయి. కాకపోతే క్యూ మారినప్పుడల్లా దారులు కూడా సర్దుకుంటాయి. 2006 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు తన డిస్కులను యూయూఐడీతోనే పిలవడం మొదలుపెట్టింది.

తేదీలు మళ్లీ చూడండి. 2003. 2006. నా నిర్వాకం 2008. ఆ లైవ్ సీడీలో బై-ఐడీ ఫోల్డర్ ఉంది. ఒక్కసారి తొంగి చూసి, ఎస్‌డీఏ బదులు అక్కడున్న పేరు కాగితం మీద రాసుకుని ఉంటే, కరెంటు పదిసార్లు పోయినా పాతది పాతదే. కరెంటు పోయింది అని అప్పట్లో అందరికీ చెప్పుకున్నాను. అందరూ నమ్మారు కూడా, నాచారంలో కరెంటు పోవడం నమ్మలేని విషయమేం కాదు.

పెద్దాయన పద్ధతి నాకు ఆ నెలల్లోనే తెలిసింది. పక్కన కూర్చుని ఆయన రిజిస్టర్లోంచి కొలతలు చదివి వినిపించేవాణ్ణి. పార్ట్ నంబర్‌లో అది ఏ ర్యాక్‌లో ఉందో, ఏ పార్టీదో, ఏమీ ఉండేది కాదు. వట్టి వరస అంకె. "ర్యాక్ మారుద్ది, పార్టీ మారుద్ది, అవన్నీ పక్క గడిలో రాసుకో" అనేవాడు. రద్దయిన పార్ట్ నంబర్‌ని ఇంకోదానికి ఎప్పుడూ ఇచ్చేవాడు కాదు. రిజిస్టర్లో అడ్డంగా గీత కొట్టి అలాగే వదిలేసేవాడు. ఆయనకి కంప్యూటర్ అంటే గీత గీసే బల్ల మాత్రమే. యూయూఐడీ అన్న మాట విని ఉండడు.

ఆ తర్వాతి చరిత్ర కాస్త నవ్వొస్తుంది. పేరు పెట్టడం కెర్నెల్ పని కాదని డెవ్‌ఎఫ్‌ఎస్‌ని తీసేసిన మూడేళ్లకే, 2009లో, డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ అని ఒకటి వచ్చింది. సిస్టమ్ తొందరగా లేవాలంటే మొదటి పేర్లు కెర్నెలే పెట్టేయాలి, ముద్దుపేర్లు యూడెవ్ తర్వాత పెట్టుకుంటుంది అన్నారు. రాజీ. ఇప్పటికీ అదే నడుస్తోంది. స్కజీ కేబుల్ ఎప్పుడూ చూడని వాళ్ల పెన్‌డ్రైవ్ కూడా ఎస్‌డీనే. టెలిటైప్ మోత ఎన్నడూ వినని వాళ్ల నల్ల తెర టీటీవైనే. హెచ్ఎంటీ వాచీ ఎప్పుడూ కట్టుకోని పిల్లలు నాచారం హెచ్ఎంటీ నగర్‌లో పెరుగుతున్నారు. ఈసీఐఎల్ చౌరస్తాలో దిగి ఏఎస్ రావు నగర్‌కి ఆటో ఎక్కేవాళ్లలో ఎంతమందికి ఆ ఏఎస్ రావు, ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు అని తెలుసో. తెలియకపోయినా ఆటో సరైన చోటికే పోతుంది.

ఒక్క సంగతి మిగిలింది. 2009 జనవరి, పెద్దాయన ఆఖరి వారం. గీయాల్సినవన్నీ అయిపోయాయి. ఇక మళ్లీ పోకూడదని, కొత్త డిస్క్ మొత్తాన్ని పాత డిస్క్‌లో పట్టేంత భాగాలు చేసి, బై-ఐడీ పేర్లతో, నాలుగుసార్లు చూసుకుని, డీడీతో దించాను. రెండూ పెట్టెలోనే ఉంచి సర్వర్ ఎక్కించాను. అంతా బాగుంది. మూడో రోజు తేలింది, రెండు రోజుల పనంతా పాత డిస్క్‌లోకి వెళ్తోందని. డీడీ అక్షరం పొల్లుపోకుండా దించుతుంది అన్నాను కదా, యూయూఐడీ కూడా దించేసింది. పెట్టెలో ఒకే గుర్తింపు సంఖ్యతో ఇద్దరున్నారు. సిస్టమ్ ఎవరు దొరికితే వాళ్లని తీసుకుంది. ఈసారి ఏమీ పోలేదు, రెండు రోజుల ఫైళ్లు ఇటునుంచి అటు మార్చుకున్నాం, పాతదానికి కొత్త సంఖ్య వేశాను.

జరిగింది పెద్దాయనకి చెప్పాను. "ఒకే నంబర్ రెండు పార్టులకిచ్చావన్నమాట" అన్నాడు. సొరుగులోంచి స్టోర్స్‌లో వాడే గోధుమరంగు అట్ట ట్యాగులు రెండు, పురికొస, మార్కర్ తీసి ఇచ్చాడు. డిస్కుల మీదున్న సీరియల్ నంబర్లు చదివి వినిపించమని, కళ్లద్దాలు పైకి నెట్టుకుని, తనే రాశాడు.